రేడియోలో తుమ్మెద

చిన్నపిల్లల బడికి వ్యాను నడిపే ఆవిడను పిల్లలు వ్యానత్త అనేవారు. పిల్లలు అన్నారని వాళ్ల అమ్మలూ, అమ్మలు అన్నారని నాన్నలూ అదే పిలుపు అందుకున్నారు. చివరికి ఆమెకన్నా బాగా పెద్దవాడైన బడి కాపలాదారు కూడా అత్తా అనడం మొదలుపెట్టాడు. మొదట్లో ఒళ్లు మండేది గానీ, తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం మానేసింది.

ఆ ఉద్యోగానికి డ్రైవింగు వస్తే చాలదు. వెనక సీట్లలో ఒక్కడు ఏడుపు లంకించుకుంటే వ్యాను మొత్తం అందుకుంటుంది. దానికి ఆమె దగ్గరున్న మందు ఒక్కటే, రేడియో. పాట రాగానే నోళ్లు మూతపడేవి, తెలిసిన పాటైతే మళ్లీ తెరుచుకునేవి. అందుకే గేర్‌బాక్సు దించి ఎక్కించిన తర్వాత రేడియోలో కొత్త చప్పుడు మొదలయ్యేసరికి ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

బండి నిలబడి ఉన్నప్పుడు సన్నగా గుయ్‌మనేది. యాక్సిలేటర్ తొక్కితే ఆ గుయ్ పైకెక్కేది, వదిలితే దిగేది. పిల్లలు దానికి తుమ్మెద అని పేరు పెట్టారు. రెండు రోజులు విన్నారు, మూడో రోజు పాట వదిలేసి తుమ్మెదతో శ్రుతి కలిపారు. వెనక అన్ని గొంతులు కలిసి గుయ్‌మంటూ ఎక్కి దిగుతుంటే, బండి నడుపుతున్నానో తేనెపట్టు మోసుకుపోతున్నానో ఆమెకు అర్థం కాలేదు.

ఇంత బాధ పడాల్సిన అవసరం నిజానికి ఆమెకు లేదు. కట్టుకున్నవాడు బండ్ల ఎలక్ట్రీషియను. అందులోనూ రేడియో రోగాలకు పెట్టింది పేరు. కళ్లు మూసుకుని, తల కాస్త వంచి, ఎవరి బండిలోనైనా చప్పుడు విని కారణం చెప్పేస్తాడని ఊళ్లో ఆయనకు చెవుల డాక్టరని పేరొచ్చింది. ఒకసారి ఓ ముసలమ్మ నిజంగానే చెవిపోటుతో షెడ్డుకు వచ్చి కూర్చుంది కూడా. ఆయన మొహమాటపడి ఆమె చెవిలో టార్చి వేసి చూశాడట. ఈ సంగతి బయటపెట్టింది బామ్మర్ది.

ఆ బామ్మర్ది అంటే వ్యానత్త తమ్ముడే. అదే షెడ్డులో ఇంజన్లూ గేర్‌బాక్సులూ విప్పి బిగించే మెకానిక్కు. బావది తీగల పని, బామ్మర్దిది నట్ల పని. ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటూ తినేవాళ్లు షెడ్డులో అడుగుపెట్టగానే పామూ ముంగిసా అయిపోయేవారు. తీగకు అడ్డం వచ్చిందని బావ ఓసారి నట్టు వదులు చేసి, మళ్లీ సరిగ్గా బిగించలేదు. ఆ బండి వాడి ఇంటి దాకా రోడ్డు మీద నూనె గీత గీసుకుంటూ వెళ్లింది. ఇంకోసారి తమ్ముడు తెగిన వైరును మెలితిప్పి టేపు చుట్టి ఊరుకుంటే, వంతెన మధ్యలో హెడ్‌లైట్లు ఆరిపోయాయి. ఎవరి తప్పు వాళ్లు ఒప్పుకుంటే గొడవే ఉండేది కాదు. ఈయన గురించి ఆయన, ఆయన గురించి ఈయన బేరానికొచ్చిన వాళ్లకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అది వినీ వినీ బేరాలు పక్క వీధి షెడ్డుకు మళ్లాయి.

వ్యానత్త చూసీ చూసీ ఒకనాడు భోజనాల దగ్గర గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

"ఇవాళ్టి నుంచి పానా పట్టేది తమ్ముడు. టెస్టరు పట్టేది మీరు. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టారా, ఆ పూట ఇద్దరికీ తిండి లేదు. ఒప్పుకుంటేనే మూత తీస్తా" అంది.

ఇద్దరికీ బాగా ఆకలిగా ఉంది. ఒప్పుకున్నారు.

ఆ ఒప్పందం బ్రహ్మాండంగా పనిచేసింది. మగవాళ్లకు ఒక గీత గీసి చూపిస్తే చాలు, దాని మీద కాలు పెట్టకుండా బతకడమే గొప్ప అనుకుంటారు. తమ్ముడు బల్బు మాడిపోయినా ముట్టుకునేవాడు కాదు, బావను పిలిచేవాడు. బావ కాలికింద నట్టు దొరికినా వంగేవాడు కాదు, బామ్మర్దిని కేకేసేవాడు. షెడ్డులో అరుపులు ఆగిపోయాయి, పోయిన బేరాలు తిరిగొచ్చాయి. కాపురాలు చక్కబెట్టడం ఎలాగో తన దగ్గర నేర్చుకోమని ఆమె బంధువులందరికీ చెప్పుకుంది.

సరే, తుమ్మెద సంగతి. ఆ సాయంత్రం బడి వదిలాక ఆమె వ్యానును షెడ్డుకు తెచ్చింది. చెవుల డాక్టరు పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఇంజను ఆపి రేడియో ఒక్కటే పెట్టు."

పెట్టింది. పాట శుభ్రంగా వచ్చింది.

"ఇప్పుడు సెల్ఫ్ కొట్టు."

సెల్ఫ్ కాస్త నీరసంగా తిరిగి ఇంజను అందుకుంది. గుయ్ మొదలైంది. తొక్కమన్నాడు, ఎక్కింది. వదలమన్నాడు, దిగింది. లైట్లు వేయమన్నాడు, గుయ్ లావెక్కింది. ఆయన వంగి రేడియో వెనకనుంచి ఏరియల్ తీగను పీకేశాడు. పాట పోయింది గానీ గుయ్ పోలేదు.

"చూశావా, గాల్లోంచి రావట్లేదు. కరెంటు తీగలోంచే వస్తోంది. ఇంజనుతో పాటు ఎక్కి దిగుతోందంటే ఇది డైనమో గుయ్" అని కళ్లు తెరిచాడు.

ఆ తర్వాత రేడియోకు ఎర్తు తీగ బాగుందా అని చూశాడు. విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. బ్యాటరీ దగ్గర ఎర్తు చూశాడు. అది అద్దంలా మెరుస్తోంది. ఇంకా ఏదో చూడాలన్నట్టు బానెట్ లోపలికి, కింద గేర్‌బాక్సు వైపు ఒక్క క్షణం తొంగి చూశాడు. అటువైపు తన రాజ్యం కాదు. తల పైకెత్తి, అవతల బండి కింద పడుకున్న బామ్మర్దిని అడిగాడు.

"ఏమోయ్, అక్క బండికి కింద అంతా బిగించావా?"

"నా నట్లన్నీ బిగించా బావా. ఒకటికి రెండుసార్లు చూసుకున్నా."

వాడు అబద్ధం చెప్పలేదు. ఈయన అనుమానపడలేదు. బీరువాలోంచి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తీసి, రేడియోకు వెళ్లే కరెంటు తీగ మధ్యలో కలిపాడు. చప్పుళ్లను వడగట్టే డబ్బా అది. మళ్లీ సెల్ఫ్ కొట్టించి, కూనిరాగం తీస్తూ తొక్కమన్నాడు. పాట తప్ప ఇంకేమీ వినపడలేదు. తొక్కినా, వదిలినా, లైట్లు వేసినా, హారను కొట్టినా అంతే. ఆమె మొగుడి వైపు గర్వంగా చూసింది. ఆ చూపు కోసమే ఆయన కళ్లు మూసుకుని అంత నాటకం ఆడేదని ఆమెకు తెలుసు, తెలిసినా చూసింది.

మర్నాడు పిల్లలకు మాత్రం నచ్చలేదు.

"తుమ్మెద చచ్చిపోయిందా అత్తా?" అని అడిగింది రెండు జడల పిల్ల.

"లేదమ్మా, వాళ్లింటికెళ్లింది" అంది వ్యానత్త.

అలా కొన్నాళ్లు గడిచాయి. బడి వాళ్ల నియమం ఒకటుంది. పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇంజను ఆపి తీరాలి. అంచేత ప్రతి ఇంటి ముందూ ఆపడం, మళ్లీ సెల్ఫ్ కొట్టడం. సెల్ఫ్ పొద్దున్నే మూలిగేది. బ్యాటరీ పాతబడిందేమోలే, వచ్చే నెలలో మార్చేద్దాం అన్నాడు ఆయన. యాక్సిలేటర్ కూడా కాస్త బిగుసుకున్నట్టుంది అని ఆమె తమ్ముడితో అందామనుకుని, ఇంటి పనుల్లో పడి మర్చిపోయింది.

ఆ రోజు పొద్దున చివరి పిల్లాడిని ఎక్కించుకుని బడివైపు తిరిగింది. బడికి ముందు ఒక వాలు ఉంది. వాలు దిగగానే నాలుగు రోడ్ల కూడలి. ఎర్రదీపం పడింది. కూడలి దగ్గర సిమెంటు లారీ ఒకటి నిలబడి ఉంది. రేడియోలో పిల్లలకు కంఠతా వచ్చిన పాట, వెనక అందరూ గొంతు చించుకుంటున్నారు. ఆమె యాక్సిలేటర్ మీదనుంచి కాలు తీసింది.

కాలు వచ్చింది గానీ పెడలు రాలేదు.

ఇంజను తగ్గలేదు. బండి వాలులో ఇంకా ఊపందుకుంది. ఆమె క్లచ్చి తొక్కింది. బరువు తప్పేసరికి ఇంజను పిచ్చిపట్టినట్టు అరవడం మొదలుపెట్టింది. బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. లారీ వెనక రాసిన అక్షరాలు ఒక్కొక్కటీ పెద్దవవుతున్నాయి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో గానీ, చెయ్యి దానంతటది వెళ్లి తాళం చెవిని ఒక్క మెట్టు వెనక్కి తిప్పింది. ఇంజను నోరు మూసుకుంది. బ్రేకు రాయిలా గట్టిపడింది. రెండు కాళ్లతో తొక్కి, హ్యాండ్‌బ్రేకు రెండు చేతులతో లాగింది.

వ్యాను ఆగింది. లారీ వెనక తలుపుకూ వ్యాను ముక్కుకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత సందు ఉంది.

పైప్రాణాలు పైనే పోయాయి అంటారే, అది మాటవరసకు అనేది కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

"మళ్లీ చెయ్యి అత్తా" అన్నాడు చివర ఎక్కిన పిల్లాడు.

ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. లెక్కపెట్టింది. లెక్క సరిపోయినా నమ్మకం కుదరక మళ్లీ పెట్టింది. అప్పుడు గానీ ఏడుపు రాలేదు.

బడినుంచి ఇంకో వ్యాను వచ్చి పిల్లలను తీసుకెళ్లాక ఆమె బానెట్ ఎత్తింది. ప్లాస్టిక్కు కాలిన వాసన గుప్పుమంది. యాక్సిలేటర్ కేబుల్ పైతొడుగు మైనంలా కరిగిపోయి, లోపలి తీగను పట్టేసుకుంది. నమ్మలేక వేలితో ముట్టుకుంది. చురుక్కుమని వేలి మీద ఎర్రటి గీత పడింది.

తమ్ముడు తాడు కట్టి వ్యానును షెడ్డుకు లాక్కొచ్చాడు. కేబుల్ విప్పి చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సైలెన్సరుకి ఎక్కడా తగల్లేదక్కా. పక్కన నిప్పుల్లేవు. దీనికి ఇంత వేడి ఎక్కడిదో నాకు అంతుపట్టట్లేదు" అన్నాడు.

చెవుల డాక్టరు ఆ కేబుల్‌ను తీసుకున్నాడు. ఆయన ముఖంలో రంగు మారడం ఆమె చూసింది. మీటరు తెచ్చి, ఒక ముల్లు ఇంజను మీద, ఇంకో ముల్లు బండి బాడీ మీద పెట్టాడు. కరిగిన కేబుల్‌నే మళ్లీ తగిలించమని, తమ్ముడిని సెల్ఫ్ కొట్టమన్నాడు. సున్నా దగ్గర ఉండాల్సిన సూది ఎగిరి అవతలికి పడింది. కేబుల్‌లోంచి సన్నగా పొగ లేచింది.

"చాలు, ఆపు. ఇంజనుకి ఎర్తు లేదు" అన్నాడు ఆయన.

తమ్ముడు బండి కిందకు దూరాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపు ఆ కాళ్లు కదల్లేదు.

"బావా" అని కిందనుంచి వినిపించింది. "ఇంజనునీ బాడీనీ కలిపే ఎర్తు పట్టీ ఇక్కడే వేలాడుతోంది. గేర్‌బాక్సు దించినప్పుడు నేనే విప్పా."

"మరి బిగించలేదేం?"

"అది వైరు కదా బావా. నీ పని అని వదిలేశా. పైన మిగతా వైర్లన్నీ నువ్వే కలిపావు కదా, ఇదీ కలుపుతావనుకున్నా."

"నట్టు వేసి పానాతో బిగించేది వైరెట్లా అవుతుందిరా? అది నీ వైపు అనుకుని నేను వంగి చూడనైనా లేదు."

దెబ్బలాడుకుంటున్నారనుకుంటే పొరపాటు. ఇద్దరూ నిజంగానే అడుగుతున్నారు. ఒకరినొకరు తిట్టుకున్నా ఆమెకు అంత భయం వేసేది కాదు. తమ్ముడు కిందనుంచి పాక్కుంటూ బయటకు వచ్చాడు. నుదుటి మీద గ్రీజు మరక, కళ్లలో నీళ్లు. బావా బామ్మర్దులిద్దరూ తలలు తిప్పి ఆమె వైపు చూశారు. ఆ పట్టీ ఎవరిదో తీర్పు చెప్పమన్నట్టు చూశారు.

ఆమె ఎవరో ఒకరు బద్ధకించారని తేలితే తిట్టడానికి దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చింది. తీరా చూస్తే ఎవరూ బద్ధకించలేదు. గిన్నెల మీద మూతలు పెట్టి తను చెప్పిన మాటను ఇద్దరూ అక్షరం పొల్లు పోకుండా పాటించారు, అంతే. ఆ వేలెడు పట్టీ ఇద్దరికీ మధ్యలో పడిపోయింది. దాని మీద తను పసిపిల్లలను కూర్చోబెట్టుకుని తిరిగింది.

"అయితే ఆ గుయ్..." అంది.

"కరెంటుకి తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి కావాలి" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "పెద్ద దారి మూసేశాం. సందు దొరికిన చోట దూరింది. ఈ కేబుల్లోంచే పోయింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఇది కాలింది. ఆ అవస్థే రేడియోలో గుయ్‌మని వినిపించింది."

"మరి మీ డబ్బా?"

"చప్పుడుని మింగింది. కరెంటుని ఏమీ చెయ్యలేదు."

"అంటే బండి మొత్తుకుంటుంటే మీరు నోరు నొక్కారు."

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. తమ్ముడు పానా తీసుకుని మళ్లీ కిందకు దూరాడు. ఆ పట్టీని ఎవరూ ఏమీ అడగకుండా బిగిస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆమె కాలిన వేలిని నోట్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. పిల్లలు బతికారు, ఇంక చాలు అనుకుంది.

పట్టీ బిగించడం అయిపోయింది గానీ చెవుల డాక్టరు అక్కణ్నుంచి కదల్లేదు. కళ్లు మూసుకుని, తల కాస్త వంచి, ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. షెడ్డులో ఏ బండీ స్టార్టు చేసి లేదు.

"ఏం వింటున్నారు?" అంది ఆమె.

"ఈ మధ్య ఇదే గుయ్ ఇంకెవరి బండిలో విన్నానా అని."

తమ్ముడి చేతిలో పానా అలాగే ఉండిపోయింది. గేర్‌బాక్సు దించిన బండి ఈ షెడ్డులో తన వ్యాను ఒక్కటే కాదు. ఒప్పందం కుదిరాక తమ్ముడు ఎన్ని దించాడో, బావ ఎన్నింటికి డబ్బాలు పెట్టాడో.

అన్నదమ్ముల్లా పక్కపక్కన కూర్చుని ఇద్దరూ తలచుకున్నారు. తమ్ముడికి బండ్లు గేర్‌బాక్సులతో గుర్తు, బావకు చప్పుళ్లతో గుర్తు. కొన్ని బండ్లకు రెండు పట్టీలుంటాయి, ఒకటి ఊడినా రెండోది కాపాడుతుంది. అలాంటివన్నీ తీసేస్తే బ్రెడ్డు పంచే బండీ, ఓ టాక్సీ, గడియారాలు బాగుచేసే పెద్దాయన కారూ మిగిలాయి. ఆ మూడూ గుయ్‌మంటూ వచ్చినవే. మూడూ నోరు మూసుకుని వెళ్లినవే.

ఫోను ఆమె తీసుకుని, ఇద్దరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. టాక్సీవాడు ఇంటి ముందు బండి కడుగుతున్నాడు, కదపనని మాటిచ్చాడు. బ్రెడ్డు బండివాడు విసుక్కుంటూనే రోడ్డు పక్కకు తీసి ఆపాడు. గడియారాల పెద్దాయన ఫోను చాలాసేపు మోగింది.

"వ్యానమ్మాయివా" అన్నాడు ఆయన హుషారుగా. "నేనే మీ ఆయనకి ఫోను చేసి చెబుదామనుకుంటున్నా. ఆయన చెయ్యి పెట్టాక రేడియోలో చీమ చిటుక్కుమన్నా వినపడట్లేదు, అంత శుభ్రంగా ఉంది. మా మనవరాలైతే ఇప్పుడా కారు దిగనంటోంది."

"కారెక్కడుంది బాబాయిగారూ?"

"ఇందాకే తమ్ముళ్లిద్దర్నీ ఎక్కించుకుని కొండ మీదికి బయల్దేరింది. కొత్తగా నేర్చుకుంది కదా, సరదా."

"వెంటనే ఆ అమ్మాయికి ఫోను చెయ్యండి. ఎక్కడుంటే అక్కడ, ఎత్తులో ఉండగానే బండి ఆపెయ్యమనండి. దిగుడులోకి తిప్పొద్దని చెప్పండి."

పెద్దాయన నవ్వాడు. "చేస్తాలేమ్మా. కానీ అది పాటలు అంత గట్టిగా పెట్టుకుంటే ఫోను ఎక్కడ వినపడి చస్తుంది? మీ ఆయన చలవే కదా అదంతా."

చెవుల డాక్టరు ఆ మాటలు విన్నాడు. తమ్ముడు అప్పటికే వ్యానుకు కొత్త కేబుల్ బిగించడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో అందక, బావను పేరుపెట్టి పిలవకుండానే రెండో కొస ఆయన వైపు చాచాడు, ఆయన వచ్చి పట్టుకున్నాడు.

"బాబాయిగారూ" అంది ఆమె, ఒక్కొక్క మాటా విడిగా పలుకుతూ. "కొండకి రెండు దార్లున్నాయి. మేం వెనకే వెళ్తాం, పిల్ల ఏ దారిన వెళ్లింది?"

అవతలి గొంతులో నవ్వు ఆగిపోయింది.